ఫ్లైట్‌కి ముందు స్కూబా డైవ్ ఎందుకు వద్దు? వంతెన కూలీల నుంచి అండమాన్ దాకా

ఈరోజు ఎపిసోడ్‌లో అండమాన్ స్కూబా ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలో మాట్లాడుకుందాం. మనం హిస్టరీ కదా చెప్పుకునేది, మధ్యలో ఈ టూర్ల గోల ఏంటి అనుకోకండి. ఆ ప్లాన్‌లో ఒక రూల్ ఉంది. దాని చరిత్ర తెలియక నేను ఒకతనితో గొడవ పెట్టుకున్నాను. ముందు అది చెప్తాను.

రెండేళ్ళ కిందట ముగ్గురు ఫ్రెండ్స్‌మి అండమాన్ వెళ్ళాం. హేవ్‌లాక్ దీవిలో నాలుగు రోజులు ఓపెన్ వాటర్ కోర్సు చేశాం. ట్రిప్ ప్లాన్ మొత్తం ఫోన్‌లో రాసింది నేనే. విస్తట్లో బూరెని చివరికి దాచుకున్నట్టు, అన్నిటికన్నా మంచి డైవ్‌ని ఆఖరి రోజు మధ్యాహ్నానికి పెట్టాను. 3 గంటలకి నీళ్ళలోంచి బయటికి, సాయంత్రం ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్‌కి, మర్నాడు పొద్దున 7 గంటలకి ఫ్లైట్. ఒక్క గంట కూడా వేస్ట్ కాలేదని నాకు ఒకటే గర్వం.

మా ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టిన తెలుగు కుర్రాడు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చారట. అక్కడ మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ రోజు ట్యాంకులు సర్దుతూ మామూలుగా అడిగాడు, "అన్నా, రేపు ఫ్లైట్ ఎన్నింటికి?" చెప్పాను. "అయితే ఈరోజు డైవ్ లేదన్నా" అన్నాడు.

వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాను. "3 నుంచి 7 దాకా 16 గంటలు. మీ రూల్ 18. రెండు గంటలకి ఏమైపోతుంది?" డబుల్ డబ్బులిస్తామని కూడా అన్నాను. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. అతను ట్యాంకు వాల్వ్ కట్టేసి, "ఆ రెండు గంటల మీద నేను పందెం కాయలేనన్నా. కావాలంటే స్నార్కెలింగ్ చేసుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కోపం తగ్గలేదు. అసలు ఈ 18 ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. సముద్రం గురించి ఏదో ఉంటుందనుకుంటే, కథ వెళ్ళి వంతెనల దగ్గర తేలింది.

హేవ్‌లాక్ అనగానే రాజమండ్రి వాళ్ళకి గోదావరి మీది పాత రైలు వంతెన గుర్తొస్తుంది కదా. ఆ హేవ్‌లాక్ మద్రాసు గవర్నరు. దీవికి పేరిచ్చిన హేవ్‌లాక్ 1857లో సిపాయిల మీద యుద్ధం చేసిన బ్రిటిష్ జనరల్. 2018లో ఆ పేరు తీసేసి దీవికి స్వరాజ్ ద్వీప్ అని పెట్టారు. ఇప్పుడు నేను చెప్పే వంతెనలు అమెరికాలోవి.

1870 ప్రాంతం. సెయింట్ లూయిస్‌లో మిసిసిపి నది మీద ఒక వంతెన, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కడుతున్నారు. నది అడుగున గట్టి నేల తగిలేదాకా తవ్వితే గానీ స్తంభం నిలబడదు. మరి నీళ్ళలో తవ్వేదెలా? బకెట్‌ని బోర్లా పట్టుకుని నీళ్ళలో ముంచితే లోపల గాలి ఉండిపోతుంది చూడండి, అదే పద్ధతి. అడుగు లేని పెద్ద పెట్టెను బోర్లించి నది అడుక్కి దించుతారు. నీళ్ళు లోపలికి రాకుండా గట్టి ఒత్తిడితో గాలి పంపిస్తారు. కూలీలు అందులో దిగి తవ్వుతారు. ఆ పెట్టె పేరు కైసన్.

లోపల ఉన్నంతసేపు అంతా బాగానే ఉండేది. పని దిగి పైకొచ్చాకే అసలు బాధ. కీళ్ళలో భరించలేని నొప్పి. కొందరికి కాళ్ళు పడిపోయేవి. నడుము నిలబెట్టలేక వంగి నడిచేవాళ్ళు. బెండ్స్ అనే పేరు అలా వచ్చిందే. సెయింట్ లూయిస్‌లో పదిమందికి పైగా చనిపోయారు. బ్రూక్లిన్ వంతెన చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో ఈ జబ్బుతో మంచాన పడ్డాడు. ఆయన చెప్పింది పనివాళ్ళకి చేరవేస్తూ, లెక్కలు నేర్చుకుంటూ, 1883లో వంతెన పూర్తయ్యేదాకా ఆ పని నడిపించింది ఆయన భార్య ఎమిలీ.

ఇంతకీ ఒంట్లో జరిగేదేంటి? గోలీ సోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ బిగిసి ఉన్నంతసేపు సోడా మామూలు నీళ్ళలాగే కనిపిస్తుంది. టప్‌మని కొట్టగానే బుస్సున బుడగలు. గ్యాస్ ముందునుంచీ అందులోనే ఉంది, ఒత్తిడి తగ్గేసరికి బయటపడింది. మన ఒళ్ళూ అంతే. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ ఒత్తిడి ఇంకో వాతావరణమంత పెరుగుతుంది. లోతుకి వెళ్ళేకొద్దీ నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరిగిపోతుంది. గబుక్కున పైకొస్తే బుడగలు కడుతుంది. ఈ సంగతి 1878లో తేల్చి చెప్పినవాడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్.

కారణం దొరికింది. మరి ఎంతసేపు ఆగాలి? దానికి జవాబు చెప్పింది మేకలు. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ అనే ఆయన మేకల్ని ఇనప గదిలో పెట్టి, ఒత్తిడి పెంచి, రకరకాలుగా తగ్గించి చూశాడు. నొప్పి పుట్టిన మేక ముందు కాలు పైకెత్తి నిలబడేది. అలా ఒక్కో లెక్కా వేసి, 1908లో తన సహచరులతో కలిసి పట్టికలు ప్రచురించాడు. పైకి వచ్చేటప్పుడు ఎక్కడ ఆగాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి అన్నీ వాటిలో ఉన్నాయి. ఈరోజు మనం డైవ్ చివర 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగుతామే, దాని వెనక ఉన్నది అదే ఆలోచన.

అప్పటికి డైవింగ్ అంటే ఉద్యోగం. పైనుంచి గొట్టంలో గాలి పంపేవాళ్ళు, తాడు పట్టుకునేవాళ్ళు ఉండేవాళ్ళు. 1943లో ఫ్రాన్స్‌లో ఝాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ చేశారు. యుద్ధంలో పెట్రోల్ దొరక్క కార్లని గ్యాస్‌తో నడుపుతున్న రోజులవి. దానికోసం గాన్యాన్ చేసిన రెగ్యులేటర్‌నే గాలి పీల్చడానికి మార్చారు. గొట్టం పోయింది, డైవర్‌కి స్వేచ్ఛ వచ్చింది. తర్వాత జెట్ విమానాలొచ్చాయి. సెలవులకి దీవికి వెళ్ళడం, డైవ్ చేయడం, విమానమెక్కి ఇంటికి రావడం మామూలైపోయింది.

కొత్త చిక్కు అక్కడే వచ్చింది. విమానం లోపలి గాలి నేలమీద ఉన్నంత ఒత్తిడితో ఉండదు. దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో, అంటే ఇంచుమించు ఊటీలో ఉన్నట్టు ఉంటుంది. ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌కి అది ఇంకోసారి సోడా మూత తీసినట్టే. 1990లలో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో వలంటీర్లని ఛాంబర్‌లో కూర్చోబెట్టి, ముందు డైవ్ ఒత్తిడి, కొన్ని గంటల తర్వాత విమానం ఒత్తిడి ఇచ్చి చూశారు. కొందరికి లక్షణాలు వచ్చాయి. ఆ ఫలితాల మీద 2002లో డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ ఆధ్వర్యంలో నిపుణులు కూర్చుని సలహా ఇచ్చారు. మామూలు డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు, రోజూ డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి.

నేను 16 గంటలకే ఎక్కినా ఏమీ అయ్యేది కాదేమో. 18 దాటితే ప్రమాదం సున్నా అని కూడా కాదు. గంటలు పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది, అంతే. కానీ విమానం గాల్లో ఉండగా కాలు తిమ్మిరెక్కితే దిగిపోయే దారి లేదు. ఆ కుర్రాడు పందెం కాయనన్నది నా కాళ్ళ మీద. అది నాకు ఆ రాత్రి అర్థమైంది.

కాబట్టి ప్లాన్ ఇలా వేసుకోండి. ముందు రిటర్న్ ఫ్లైట్ టైమ్ రాయండి. అక్కణ్ణించి 24 గంటలు వెనక్కి లెక్కపెట్టి గీత గీయండి. కనీసం 18 అయినా, 24 పెట్టుకుంటే నిశ్చింత. ఆ గీత తర్వాత డైవ్ లేదు. హేవ్‌లాక్‌లో ఎయిర్‌పోర్ట్ లేదు, ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ రావాల్సిందే. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆగిపోతాయి, అందుకే ఒక పూట ఎక్కువే ఉంచుకోండి. వానాకాలం వదిలేసి, నవంబర్ నుంచి ఏప్రిల్ లోపు చూసుకోండి.

మొదటిసారి సరదాకి చేసే డైవ్ 12 మీటర్ల లోపే ఉంటుంది. 18 మీటర్ల దాకా వెళ్ళాలంటే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలి, దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. హెల్త్ ఫారంలో ఆస్తమా, గుండె జబ్బు లాంటివి దాచకండి. జలుబుతో దిగకండి, చెవులు దెబ్బతింటాయి. నీళ్ళలో ఊపిరి బిగబట్టకండి. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా ఉందో లేదో చదవండి. రీకంప్రెషన్ ఛాంబర్ దగ్గరలో ఎక్కడుందో ముందే అడగండి. డైవ్ తర్వాత కీళ్ళ నొప్పి, తిమ్మిరి, తల తిరగడం లాంటివి వస్తే నిద్ర సరిపోలేదులే అని సర్దిచెప్పుకోకండి. వెంటనే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పి ఆక్సిజన్ తీసుకోండి, ఫ్లైట్ మాత్రం ఎక్కకండి.

ఆ ఖాళీ రోజు ఏం చేయాలంటారా? 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. అక్కడి సెల్యులార్ జైలుకి వెళ్ళండి. 1906కి కట్టడం పూర్తయిన ఆ జైలు గదులు చూడటానికి ఒక పూట కావాలి. నా ప్లాన్‌లో దానికి చోటే లేదు. డైవ్ కోసం కొట్టేశాను.

తిరిగొచ్చాక ఆ కుర్రాడికి సారీ అని మెసేజ్ పెట్టాను. "పర్లేదన్నా, ఈసారి జైలు చివర్లో పెట్టుకోండి" అని జవాబిచ్చాడు. వచ్చే డిసెంబర్‌లో మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ప్లాన్ రిటర్న్ టికెట్ నుంచి మొదలుపెట్టాను.

ఇంకో ఎపిసోడ్‌లో ఇంకో కథతో కలుద్దాం. ఉంటాను.