జెండా కోసం, చదువు కోసం

మన సాదలికి పడమట, గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థం ఉంది. 1938 ఏప్రిల్ 25న అక్కడ కాంగ్రెసు జెండా ఎగరేయడానికి చేరిన జనంపై మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది పదిమందే అన్నది సర్కారు లెక్క. ముప్పైకి పైనే అన్నది జనం లెక్క.

జెండా గుడ్డముక్కే కదా అంటారేమో. ఎగరేయరాదన్న మాటే రోషం రేపింది. వాళ్ళు అడిగిందేమన్నా గొంతెమ్మ కోరికా? ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం, అంతే.

ఆ గాలి పీల్చి పెరిగినవారే పక్కనున్న హొసూరు పల్లె హెచ్. నరసింహయ్యగారు. 1942లో భౌతికశాస్త్రం చదువు మధ్యలో ఆపి, క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. చదువంటే గిట్టక కాదు సుమండీ! ఆ చదువు కోసమే హొసూరు నుంచి బెంగళూరుకు కాలినడకన వెళ్ళినవారాయన. విడుదలయ్యాక మళ్ళీ అదే చదువు ముగించి, 1970లలో బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఖద్దరు మాత్రం 2005లో కన్నుమూసేదాకా విడవలేదు.