బందరు ఫ్రెంచివాళ్లూ, మన నత్తల కూరా

ఫ్రెంచి వంట అనగానే పారిస్ గుర్తొస్తుంది కానీ, ఫ్రెంచివాళ్లు మన కృష్ణా తీరానికి కొత్తవాళ్లేం కాదండీ. 1664లో వాళ్ల ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. అప్పటికే డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ మన అద్దకం గుడ్డల కోసం అక్కడ కాపురం పెట్టారు. 1750లో బందరు ఫ్రెంచివాళ్ల చేతికొచ్చింది. 1759లో కర్నల్ ఫోర్డ్ కోట పట్టుకోవడంతో ఇంగ్లీషువాళ్ల పాలైంది. అయినా బందర్లో ఓ చిన్న స్థలం 1947 దాకా ఫ్రెంచివాళ్లకే ఉంది. ఫ్రెంచిపేట అన్న పేరూ మిగిలింది. గోదావరి పక్కన యానాం అయితే 1954 దాకా వాళ్ల పాలనే.

ఇన్నేళ్లున్నా వాళ్ల వంట మన పొయ్యి మీదికి ఎక్కలేదు. ఆమ్లెట్, కట్లెట్, మెనూ లాంటి మాటలు మాత్రం ఇంగ్లీషు మీదుగా వచ్చాయి. రెస్టారెంట్ కూడా ఫ్రెంచి మాటే. మొదట్లో దానర్థం ఒంటికి సత్తువనిచ్చే మాంసం చారు. 18వ శతాబ్దంలో పారిస్‌లో ఆ చారు అమ్మే చోటుకే ఆ పేరు స్థిరపడింది.

కిందటేడు పుదుచ్చేరిలో ఓ ఫ్రెంచి హోటల్‌కి అందరం వెళ్లాం. మావాడు మెనూ చూసి "ఎస్కార్గో" అని ఆర్డరిచ్చాడు. గుంటల పళ్లెంలో, వెన్నా వెల్లుల్లీ పార్స్‌లీ ఆకుతో వేడివేడిగా వచ్చింది. మా అమ్మాయి ముక్కు మూసుకుంది. బిల్లు తలుచుకుని మావారు కళ్లు మూసుకున్నారు.

దివిసీమలో పుట్టిన మా అత్తయ్య మాత్రం వంగి చూసి, "ఇవి నత్తలు కదే!" అన్నారు. కాసేపాగి, "ఊడ్పులకొచ్చిన ఆడవాళ్లు మా చేలో ఇవే ఏరుకుని కొంగున కట్టుకుపోయేవాళ్లు. ఉడకబెట్టి, గుల్లలోంచి తీసి, చింతపండూ కారం వేసి వండుకునేవాళ్లు. ఆ కూర తింటారని మా నాయనమ్మ వాళ్లకి మంచినీళ్లు కూడా ఎత్తి పోసేది" అన్నారు. తర్వాత ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. పిల్లలిద్దరూ గమ్మునయిపోయారు.

నిజానికి ఫ్రెంచివాళ్లది నేల మీద పాకే నత్త, మనది చెరువుల్లో, వరిచేలల్లో ఉండేది. తేడా అంతే. కానీ ఒకటి వెండి ఫోర్కుతో తినే విందు, ఇంకోటి దాచుకు తినాల్సిన కూర అయింది. తిండిని చూసి మనిషిని తక్కువ చేయడం మన దగ్గరే కాదు లెండి. కప్పలు తింటారని ఫ్రెంచివాళ్లని ఇంగ్లీషువాళ్లు "కప్పలు" అనే వెక్కిరించేవాళ్లు.

ఆ కప్పల కథలో మనకీ భాగముంది. ఒకప్పుడు మన దేశపు పొలాల్లో పట్టిన కప్పల కాళ్లు విదేశాల విందులకి ఓడలెక్కేవి. పైరుకి పట్టే పురుగుల్ని తినే కప్పలు తగ్గిపోతే రైతుకే నష్టమని గొడవైంది. చివరికి 1987లో ఆ ఎగుమతిని ప్రభుత్వం ఆపేసింది.

అందుకే, కొత్త వంట చూసినప్పుడు "ఛీ" అనే ముందు, అది మన ఊళ్లో ఎవరింట ఉడుకుతోందో కనుక్కోమని మా పిల్లలకి చెబుతున్నాను. మీ ఇళ్లల్లో నత్తల కూర వండేవాళ్లుంటే, చింతపండుతోనా, గోంగూరతోనా చెప్పండి. నేర్చుకుంటాను.