బరువులెత్తు హెలికాప్టరు

ఖమ్మమునుండి సూర్యాపేటకు పోవు దారిలో కుసుమంచి గ్రామము కలదు. అచట కాకతీయుల కాలమునాటి గణపేశ్వరాలయమును, అందలి మహాలింగమును దర్శించినవారికి మొదట తోచు ప్రశ్న ఒక్కటే: ఇంత బరువును ఆనాటివారు ఎట్లు ఎత్తిరి? మేమును ఆ రాతిగోడల ముందు నిలిచి అదే ప్రశ్న వేసికొంటిమి.

ఆ మండలములోనిదే పాలేరు. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఏరు పొంగినప్పుడు నాయకన్‌గూడెము వద్ద ఒక కుటుంబము ఇంటికప్పుపై చిక్కుకొని సహాయమునకై ఎదురుచూచెను. వాతావరణము అనుకూలింపక హెలికాప్టరు రాలేకపోయెను. దంపతులిరువురు వరదలో కొట్టుకొనిపోయిరి. కుమారుడు బ్రతికి బయటపడెను. బరువు నెత్తుట ఒక సమస్య. కావలసిన గడియకు కావలసినచోట ఉండుట వేరొక సమస్య. భారీ సైనిక హెలికాప్టరు చరిత్రను ఈ రెండు సమస్యల చరిత్రగనే మనము చదువుకొనవలెను.

హెలికాప్టరునకు తలపై తిరుగు రోటరే రెక్క. టర్బైను ఇంజను నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. భారీ హెలికాప్టరు రోటరు మాత్రము నూట ముప్పదికి అటునిటుగా తిరుగును. ఈ వేగమును తగ్గించి, దానిని బలముగా మార్చు పని గేరుబాక్సుది. ఘాటురోడ్డున లారీ నడుపువాడు చిన్న గేరు వేయుట మనమెరిగినదే గదా! బరువు పెరిగినకొలది రోటరు పెద్దది కావలెను. పెద్దదైనకొలది మెల్లగా తిరుగవలెను. మెల్లగా తిరిగినకొలది గేరుపండ్లపై పడు ఒత్తిడి పెరుగును. పండ్లు అరుగకుండుటకు వానిని లావు చేసినచో గేరుబాక్సే పెద్ద బరువై కూర్చుండును. చివరకు యంత్రము తన్ను తానే మోసికొనును గాని సరకును మోయజాలదు.

ఈ చిక్కును మొదట పెద్దయెత్తున ఎదుర్కొన్నవారు సోవియటు నిపుణులు. మిఖాయిల్ మిల్ నాయకత్వమున రూపొందిన మి-6 హెలికాప్టరు 1957లో ఎగిరెను. దాని రోటరు వ్యాసము 35 మీటర్లు. గేరుబాక్సు ఒక్కటియే మూడు టన్నులు దాటెను. అంతకు మించిన బరువు కావలసివచ్చినప్పుడు వారు మి-6 రోటర్లను రెండింటిని ఇరుప్రక్కల అమర్చి వి-12 అను యంత్రమును నిర్మించిరి. అది 1969 ఆగస్టులో 44 టన్నులకు పైబడిన బరువును రెండువేల మీటర్లకు మించిన ఎత్తునకు చేర్చి ప్రపంచమును ఆశ్చర్యపరచెను. కాని నిర్మింపబడినవి రెండే. సైన్యమునకు అవి ఉపయోగపడలేదు. రికార్డు నిలిచెను, యంత్రము నిలువలేదు.

మిల్ అనంతరము మరాత్ తిష్చెంకో వేరొక మార్గమును పట్టెను. రోటరు ఒక్కటే, దానికి ఎనిమిది రేకులు, వ్యాసము 32 మీటర్లు. రెండు ఇంజనులనుండి వచ్చు ఇరువదివేల గుర్రపుశక్తికి మించిన బలమును ఒక్క గేరుజతపై మోపక, పలు దారులుగా చీల్చి, మరల రోటరు ఇరుసు వద్ద కూర్చు గేరుబాక్సును ఆ సంస్థవారే రూపొందించిరి. పెద్దదూలమును ఒక్కడు మోయలేడు, పదిమంది భుజము పట్టినచో కదలును. అదియే ఇందలి కిటుకు. 1977 డిసెంబరు 14న తొలిసారి ఎగిరిన మి-26 ఇరువది టన్నుల సరకును మోయగలదు.

అమెరికాలో బోయింగ్ వెర్టాల్ సంస్థ ఎక్స్.సి.హెచ్-62 అను భారీ యంత్రమును తలపెట్టెను. దానికిని గేరులే అడ్డుపడెను. 1975లో ప్రభుత్వము నిధులు నిలిపివేయగా, నిర్మాణము చాలవరకు ముగిసిన ఆ హెలికాప్టరు ఎగురకయే మిగిలిపోయెను. 2015లో తొలిసారి ఎగిరిన సి.హెచ్-53కె విషయమునను గేరుబాక్సు చిక్కులవలన ఆలస్యము జరిగెను. నలుబది యేండ్లు గడచినను చిక్కుముడి అదియే!

ఇక మన దేశము మాట. హిమాలయ ప్రాంతములలో రోడ్లు వేయుటకు బుల్‌డోజర్లను ఆకాశమార్గముననే చేర్చవలసిన తావులు కలవు. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై హెలికాప్టరు మోయు బరువు తగ్గును. కావున మనకు బలమైన యంత్రమే కావలెను. 1986 మొదలు మన వైమానికదళము నాలుగు మి-26 యంత్రములను చండీగఢ్‌లో నిలిపెను. 2010లో ఒకటి జమ్ము వద్ద కూలెను. మిగిలినవి భారీ మరమ్మతుల కాలము వచ్చి నేలపైననే నిలిచిపోయినవి. ఇరువది టన్నులు మోయగల యంత్రము, విడిభాగములు అందని నాడు ఒక కాగితమునైనను మోయలేదు. 2019 మార్చి 25న, పది టన్నుల వరకు మోయు, రెండు రోటర్ల చినూకులు మన దళమున చేరినవి. తొలి చినూకు 1961లో ఎగిరినది. ఆరు దశాబ్దములుగ దిద్దుకొనుచు వచ్చుటయే దాని బలము.

ఈ కథలో తెలుగునేలకును పాలు కలదు. హైదరాబాదు సమీపమున ఆదిభట్లలో మన కార్మికులు సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టరు క్యాబినులను, అపాచీ దేహములను నిర్మించిరి. చినూకు పైభాగమును, తోకభాగమును కూర్చు పనియు హైదరాబాదునకు దక్కెను. ఇది గర్వింపదగినదే. కాని ఇవి యంత్రమునకు దేహము మాత్రమే, గుండెకాయ గేరుబాక్సు. 1992లో ఎగిరిన ధ్రువ్‌తో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఆ విద్యను అయిదున్నర టన్నుల యంత్రము వరకు అభ్యసించినది. సుమారు పదమూడు టన్నుల యంత్రమునకు రూపకల్పన సాగించుచున్నది. మి-26 నిండుబరువు ఏబదియారు టన్నులు. నడువవలసిన దూరము దీనినిబట్టియే తెలియును.

ఎంత గొప్ప యంత్రమైనను ప్రతి తుపానును జయింపలేదు. పాలేరు మనకు నేర్పిన కఠినమైన పాఠమిది. కాని మబ్బు విడిన మరుక్షణమున లేచుటకు అది సిద్ధముగ ఉండవలెను. ఆ సంసిద్ధత చెడిన భాగమును మన చేతులతో మనమే సరిచేసికొనగలిగిననాడే కలుగును. కుసుమంచి శిల్పులు ఎత్తిన రాయి నేటికిని ఎత్తినచోటనే నిలిచియున్నది. ఎత్తు విద్య వారిదే, నిలుపు విద్యయు వారిదే.