తల్లి రక్తం, బిడ్డ రక్తం: రారిటన్ ఒడ్డున ఒక వైద్య చరిత్ర

తొలిచూలు బిడ్డ చక్కగా పుట్టి, తరువాతి బిడ్డలు కడుపులోనో, పుట్టీపుట్టగానే పచ్చకామెర్లతోనో పోతే, వెనకటి ఇళ్ళలో ఏమనేవారో పెద్దలకు తెలుసు. దిష్టి అనేవారు, గ్రహచారం అనేవారు; చివరకు నింద కోడలి మీద పడేది. అలాంటి మరణాలలో కొన్నిటికి అసలు కారణం, దానికి విరుగుడు తేలిన చరిత్రలో మన న్యూజెర్సీకి పెద్ద పాత్ర ఉంది. పిస్కాటవే పక్కన పారే రారిటన్ నది వెంట ఎగువకు పోతే రారిటన్ అనే చిన్న ఊరు వస్తుంది. ఈ కథ అక్కడికి చేరుతుంది.

ముందు యాంటీబాడీ అంటే ఏమిటో చూద్దాం. శరీరంలోకి పరాయి పదార్థం వస్తే, తెల్లరక్తకణాలలో బి-కణాలు అనేవి దాన్ని గుర్తుపట్టి, దానికి సరిపోయే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. అదే యాంటీబాడీ; దానికే ఇమ్యునోగ్లోబ్యులిన్ అని మరో పేరు. అది పంగలకర్ర ఆకారంలో ఉంటుంది. రెండు కొనలు శత్రువును పట్టుకుంటాయి. కాడ మిగతా రక్షక కణాలను పిలుస్తుంది. ఈ నిర్మాణాన్ని తేల్చిన పోర్టర్, ఎడెల్‌మన్‌లకు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటిలో ఐదు తరగతులున్నాయి. వాటిలో 'జి' తరగతి ఒక్కటే తల్లి నుంచి మాయ దాటి బిడ్డ రక్తంలోకి చేరుతుంది. పుట్టిన కొత్తలో పసికందును అనేక రోగాల నుంచి కాపాడేది అదే.

కాని కాపాడవలసినదే ఒక్కొక్కప్పుడు హాని చేస్తుంది. న్యూయార్కులో మృతశిశువును కన్న ఒక తల్లికి భర్త రక్తం ఎక్కిస్తే వికటించింది. ఆమె రక్తంలో భర్త కణాలను పట్టే యాంటీబాడీ ఉందని నెవార్కు బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో పనిచేసే ఫిలిప్ లెవీన్, స్టెట్సన్‌తో కలిసి 1939లో ప్రకటించాడు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ 'ఆర్‌హెచ్' అంశాన్ని వెల్లడించారు. 1941లో లెవీన్ చిక్కుముడి విప్పాడు. తల్లి ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డ పాజిటివ్ అయితే, కాన్పు వేళ బిడ్డ రక్తం కొంత తల్లి రక్తంలో కలుస్తుంది. తల్లి శరీరం దాన్ని పరాయిదనుకొని యాంటీబాడీలు తయారుచేసి, ఆ గుర్తు ఉంచుకుంటుంది. అందుకే సాధారణంగా తొలిబిడ్డకు ప్రమాదం ఉండదు. మళ్ళీ పాజిటివ్ బిడ్డ కడుపున పడితే 'జి' యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తాయి. ఇందులో ఆ తల్లి తప్పేముంది?

లెవీన్ 1944లో రారిటన్‌లోని ఆర్థో పరిశోధన సంస్థలో చేరాడు. 1960 తరువాత అదే సంస్థలో విలియం పొలాక్, న్యూయార్కు కొలంబియాలో ఫ్రీడా, గోర్మన్ కలిసి విరుగుడు వెతికారు. వారి ఆలోచన విచిత్రమైనది: ఆ యాంటీబాడీనే మందుగా ముందే తల్లికి ఇస్తే, ఆమె శరీరం సొంతంగా దాన్ని తయారుచేయదు. మొదటి పరీక్షలు సింగ్ సింగ్ జైలులో ఒప్పుకున్న ఖైదీల మీద జరిగాయి. ఈనాడైతే అలాంటి పరీక్షలకు సులభంగా అనుమతి దొరకదు. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో క్లార్క్, ఫిన్ కూడా అదే దారి తొక్కారు. 1968లో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది. 1980లో ఆ ఐదుగురికీ లాస్కర్ పురస్కారం వచ్చింది.

ఈ మందు తయారయ్యేది మనుషులు దానం చేసిన రక్తపు ప్లాస్మా నుంచే. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే దాత 2018 దాకా 1,173 సార్లు దానం చేశాడు. ఆయన వల్ల 24 లక్షల శిశువులకు మేలు జరిగిందని లెక్కకట్టారు. ఆయన 2025లో కన్నుమూశాడు.

మన కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. భారతీయులలో నూటికి సుమారు ఐదుగురు నెగటివ్; తెల్లజాతివారిలో సుమారు పదిహేనుమంది. తరాలు గడిచేకొద్దీ మన ఇళ్ళకు అన్ని జాతుల కోడళ్ళూ వస్తున్నారు. కనుక ఇంట్లో ఆడపిల్లల, కోడళ్ళ రక్తవర్గం తెలిసి ఉండాలి. నెగటివ్ అయితే గాబరా పడనక్కరలేదు. సుమారు 28వ వారంలో ఒక ఇంజెక్షను, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటలలోపు మరొకటి ఇస్తారు. గర్భస్రావమైనా డాక్టరును అడగాలి. శరీరం యాంటీబాడీలు తయారుచేసుకున్న తరువాత ఈ మందు పనిచేయదు. అందుకే ముందుగా తెలుసుకోవడం ముఖ్యం. మన అవ్వలకు ఈ అవకాశం లేదు. మన మనవరాళ్ళకు ఉంది.