ముగ్గుచుక్కలు – యంత్రచిత్రములు

ఆంధ్రదేశమునకు వెలుపల తమిళనాటను, కన్నడ సీమను, ఒడిశా, మహారాష్ట్ర ప్రాంతములను తరతరములుగ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కొన్ని ఇంటిభాషను నిలుపుకొన్నవి, కొన్ని మరచినవి. భాష సడలిన యిండ్లలో గూడ తెల్లవారుజామున కల్లాపి చల్లి వాకిట ముగ్గు పెట్టు నాచారము చాలచోట్ల సడలలేదు. పొరుగువారు దానిని తమిళమున కోలమనిరి, కన్నడమున రంగోలి యనిరి, ఒడియాలో ఝోటి యనిరి. ఒక్కొక్క సీమలో దాని తీరు కొంత మారినను, వాకిలి మంగళప్రదముగ నుండవలెనను భావము మారలేదు.

ఇంతటి విద్యను మనము చిరకాలము ఆడువారి ప్రొద్దుపోకగ నెంచితిమి. నేటి కంప్యూటరు చిత్రకళ చరిత్రను పరిశీలించినచో ఆ యభిప్రాయము తప్పని తేలును. ఆ చరిత్రను పాఠక మహాశయులకు సంగ్రహముగ మనవి చేయుదును.

కంప్యూటరు లెక్కల కొరకు పుట్టిన యంత్రము. దానిచేత బొమ్మలు వేయింపవలెనను కుతూహలము పేరుపొందిన చిత్రకారులకంటె ముందు విద్యార్థులకును యువ పరిశోధకులకును కలిగినది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డాక్టరు పట్టమునకై కృషి చేయుచుండిన ఐవన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ అను ఏర్పాటును రచించెను. తెరమీద వెలుగుకలముతో గీత గీసి, ఈ రెండు గీతలు సమాంతరముగ నుండవలెనని ఆజ్ఞాపించినచో యంత్రము వానిని అట్లే సరిదిద్దును. బొమ్మ యనగా గీతలు మాత్రమే కాదనియు, గీతల మధ్య నుండు నియమమే దాని ప్రాణమనియు ఈ విద్యార్థి లోకమునకు చూపెను.

1965 ఫిబ్రవరిలో జర్మనీ దేశపు స్టుట్‌గార్ట్ నగరమున, తత్త్వశాస్త్రాచార్యుడు మాక్స్ బెన్జె నడపుచుండిన సాంకేతిక విద్యాలయపు చిత్రశాలలో, గెయోర్గ్ నేస్ యంత్రముచే గీయించిన చిత్రములు ప్రదర్శింపబడెను. ఆ సంవత్సరమే నవంబరులో గణిత పరిశోధక విద్యార్థియైన ఫ్రీడర్ నాకె ఆ నగరమునందే నేసుతో కలసి తన చిత్రములను గూడ ప్రదర్శించెను. కొన్రాడ్ త్సూజె నిర్మించిన గ్రాఫోమాట్ అను గీతల యంత్రమును కంప్యూటరు మాట విననట్లు కాక వినునట్లు చేయుటకు వలయు నాదేశములను కూర్చినవాడు నాకెయే.

ఆ మొదటి ప్రదర్శనమున చిత్రకారులు కొందరు కోపించిరట. మీ యంత్రము నా కుంచె తీరును అనుకరింపగలదా యని ఒకరు ప్రశ్నింపగా, మీరు ఎట్లు గీయుదురో నాకు చెప్పగలిగినచో తప్పక అనుకరించునని నేస్ బదులు చెప్పినట్లు ప్రసిద్ధి. చిత్రకారునికి తన చేతితీరు తెలియును గాని దానిని మాటలలో చెప్పుట తెలియదు. అందువలననే ఆ సమాధానము వారికి మరింత కష్టముగ తోచి యుండవచ్చును.

అయితే తన చిత్రము ఎట్లు గీయవలెనో మాటలలో చెప్పగల చిత్రకారులు మన వీథులలో ఏనాటినుండియో యున్నారు. మన అమ్మమ్మలు ముగ్గును బొమ్మగ నప్పగింపలేదు, ఆజ్ఞగ నప్పగించిరి. “పదిహేను చుక్క, సందు చుక్క, ఎనిమిది వరకు” అని ఒకామె గోడ ప్రక్కనుండి చెప్పినచో రెండవ ఆమెకు అది చాలును. నడుమ వరుసలో 15 చుక్కలు. దానికి పైనను క్రిందను వరుసకొక్కటి చొప్పున తగ్గుచు 8 వచ్చువరకు. ప్రతి చుక్కయు దాని వెనుకటి వరుసలోని రెండు చుక్కల సందున పడవలెను. మొత్తము 15 వరుసలు, 169 చుక్కలు. పలికినవి ఆరు మాటలు మాత్రమే. దస్త్రముల నడుమ గుమాస్తాగ జీవితము గడపిన నాకు, ఇంత క్లుప్తముగ, ఇంత సందేహరహితముగ నుండు ఉత్తరువు ఏ కచేరిలోను కానరాలేదు.

ఈ సంగతిని శాస్త్రదృష్టితో గుర్తించినది మదరాసు సమీపమున తాంబరములోని క్రైస్తవ కళాశాల. అచట గణాంకశాస్త్రాచార్యుడు గిఫ్ట్ సిరోమణి, ఆయన భార్య గణితశాస్త్రవేత్త రాణీ సిరోమణి, వారితో కలసి పనిచేసిన కమలా కృతివాసన్, వాక్యమునకు వ్యాకరణమున్నట్లే చిత్రమునకును వ్యాకరణము గలదని నిరూపింప బూనిరి. వాక్యమున మాటలు ఒకే వరుసలో నడచును. చిత్రమున అడ్డముగను నిలువుగను వ్యాపింపవలెను. వారి పద్ధతిలో మొదట కొన్ని సూత్రములచే అడ్డువరుస యొకటి పుట్టును. పిమ్మట ఆ వరుసలోని ప్రతి గుర్తును క్రిందికి సరిసమానముగ పెరుగును. ఆ గుర్తుల స్థానమున చుక్కలు, గీతలు, ఖాళీలు నిలిపినచో ముగ్గు సిద్ధమగును. కోలములను ఈ వ్యాకరణముతో వివరించిన వారి వ్యాసము 1974లో కంప్యూటరు చిత్రములకు సంబంధించిన అంతర్జాతీయ పత్రికలో వెలువడెను. తర్వాతి కాలమున వారును, వారి శిష్యవర్గమును, తీగవలె చుక్కల చుట్టు తిరుగు కంబి కోలములను గూడ పరిశోధించిరి. మనవారు మెలికల ముగ్గు లనునవి ఇట్టివే.

మొక్కల పెరుగుదలను సూత్రములలో చెప్పుటకు 1968లో అరిస్టిడ్ లిండెన్‌మయర్ అను జీవశాస్త్రజ్ఞుడు ఒక పద్ధతిని కనుగొనెను. ప్రెమిస్లావ్ ప్రుసిన్‌కీవిచ్ 1980లలో ఆ పద్ధతితో కంప్యూటరుపై మొక్కలను, వానితోపాటు దక్షిణదేశపు కోలములను గూడ గీయించెను. కృష్ణుని అందెలు అను కోలము ఆ విధముగ విదేశపు తెరపై కెక్కినది. మొక్కకును ముగ్గుకును ఒకే గణితము సరిపోవుట వినువారికి వింతగ నుండును. గింజనుండి కొమ్మలు వచ్చినట్లే చుక్కనుండి మెలికలు వచ్చునని యెరిగిన గృహిణికి అది వింత కాదు.

ఇచ్చట మనవారు ఆలోచింపవలసినది యొకటి గలదు. ఈనాడు అంటించు ముగ్గులు అంగళ్లలో దొరకుచున్నవి. తయారైన బొమ్మలు చేతిలోని ఫోనునందే కనబడుచున్నవి. చూచి గీయుట తప్పు కాదు. కాని బొమ్మ వచ్చినచోట నియమము వచ్చుట లేదు. ఎన్ని చుక్కలు, నేరు చుక్కయా సందు చుక్కయా, ఎంతవరకు తగ్గవలెను, గీత ఎచ్చట మొదలై ఎచ్చట ముగియవలెను, ఆ ముగ్గు పేరేమి – ఇవి తెలియనిచో 15 చుక్కల ముగ్గును 21 చుక్కలకు పెంచు శక్తి నశించును. పెంచగలిగిన విద్యయే విద్య. నకలు తీయుట నకలు మాత్రమే.

పరభాషా ప్రాంతములలోని మనకు ఈ నష్టము రెట్టింపు. తాంబరము పరిశోధకులు తమ చుట్టునున్న కోలములను తమిళ నామములతో గ్రంథస్థము చేసిరి. అది వారికి న్యాయమే. మన యిండ్లలోని తెలుగు ముగ్గుల పేర్లను, చుక్కల లెక్కలను వ్రాసియుంచు బాధ్యత మనది. ప్రతి సంక్రాంతికి మన సంఘములు ముగ్గుల పోటీలు జరిపి బహుమతు లిచ్చుచున్నవి. అట్టి సమయమున వృద్ధ స్త్రీలు నోట పలుకు నియమమును గూడ ఒక పుస్తకమున వ్రాయించి, కంప్యూటరు నేర్చిన మన బాలబాలికలచే దానిని యంత్రముపై పరీక్షింపజేసినచో, పోటీ ముగిసిన మరునాడు తుడుచుకొనిపోని ఫలము దక్కును. పెద్దలకు నియమము తెలియును, పిల్లలకు యంత్రము తెలియును. ఈ రెండు తరములును ఒకే చాపపై కూర్చుండుటకు సంఘమందిరముకంటె తగిన చోటు లేదు. ఆ వృద్ధులు మన మధ్య నుండగనే ఆ పని జరుగవలెను.