విశాఖ తీరపు కాపలా విమానాలు

ముప్పయ్యేళ్ళ క్రితం సంగతి. సాంఘికశాస్త్రం ఉపాధ్యాయులు సెలవు పెట్టిన రోజున తెలుగు పండితుణ్ణయిన నన్ను ఆ తరగతికి పంపారు. పాఠం రెండవ ప్రపంచ యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసిన వైనం చెబుతూ ఉంటే, వెనుక బల్లలోంచి ఒక కుర్రవాడు లేచి, “మాస్టారూ, అప్పుడు మన వైపు విమానాలు లేవా?” అని అడిగాడు.

“లేవు నాయనా” అన్నాను, తడుముకోకుండా.

ఆ జవాబు ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. మా అమ్మ దగ్గర విన్నది. అప్పటికి ఆమెకు పదేళ్ళు. పట్నం వదిలి బండి కట్టుకుని బంధువుల ఊరికి తరలిపోయిన కుటుంబాలలో మా తాతగారిదీ ఒకటి. జీవితాంతం ఆమె కాలగణన అంతా “బాంబులేసిన ఏడు”కి ముందూ తరువాతగానే సాగింది. “పైన మనవాళ్ళెవరూ లేర్రా” అనేది. అమ్మ మాటను నేను చరిత్ర అనుకున్నాను.

పదవీ విరమణ తరువాత తీరిక చిక్కి చదువుకుంటే, నా జవాబు తప్పని తేలింది. విమానాలు ఉన్నాయి. అందులోనూ విశాఖకంటూ ఒక దళమే ఉంది.

భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది. 1939లో యుద్ధం వచ్చేనాటికి దానికున్నది ఒక్కటే స్క్వాడ్రన్. ఇంత పొడవైన సముద్రతీరాన్ని కాచేదెవరు? అందుకని వాలంటీర్ రిజర్వు పేరిట ఒక ఏర్పాటు చేశారు. ఫ్లయింగ్ క్లబ్బులలో సరదాగా విమానం నడపడం నేర్చినవారినీ, పౌర విమానాలు నడిపేవారినీ పిలిచి, కొద్దిమంది వృత్తి సైనికులను వారికి తోడిచ్చి, రేవుకొక చిన్న దళం నిలిపారు. వాటి పేరు కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్లు. మనం తీరరక్షక దళాలు అనుకుందాం. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్‌లకు మొదటి అయిదూ దక్కాయి. ఆరవది, తరువాత చేర్చినది, విశాఖపట్నానిది. మన రేవు అప్పటికి పసిది, 1933లో ప్రారంభమైంది.

వీరి చేతికిచ్చిన విమానం పేరు వాపిటి. మొదట చదివినప్పుడు నా పండితబుద్ధి ఊరుకోక “వాపి” దగ్గర ఆగింది. వాపి అంటే దిగుడుబావి కదా, సముద్రం మీద తిరిగేదానికి బావి పేరేమిటని నవ్వుకున్నాను. తీరా చూస్తే అది ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద జాతి దుప్పి పేరట! రెండంతస్తుల రెక్కలు, పైకప్పు లేని రెండు ఆసనాలు, ముందుకొక తుపాకి, వెనక్కొక తుపాకి. 1927లో తొలిసారి ఎగిరిన రకం. వేగం గంటకు సుమారు 220 కిలోమీటర్లు.

ఆ పాతవి కూడా వారికి పూర్తిగా దక్కలేదు. 1941లో రెండవ నంబరు స్క్వాడ్రన్‌ను నిలపడానికి మద్రాసు, కలకత్తా దళాల వాపిటిలను తీసుకుని, బదులుగా అటలాంటా అనే ప్రయాణికుల విమానాలను ఇచ్చారు. బొంబాయి దళానికీ, కొచ్చిన్ దళానికీ కూడా పౌర విమానాలే గతి అయ్యాయి. ఇంట్లో పెద్దవాడి చొక్కా చిన్నవాడికి వస్తుంది. ఇక్కడ చిన్నవాడి చొక్కా విప్పి పెద్దవాడికి తొడిగారు. అయినా వారి పని ఆగలేదు. తీరం వెంబడి పోవడం, ఓడల బారులకు తోడుండడం, కనుచూపు మేర నీటిని వెదకడం, తిరిగి రావడం. కరాచీ దళాన్ని బర్మాలోని మౌల్‌మీన్‌కు పంపారు. 1942 జనవరి చివర దాని స్థానంలోకి బ్లెన్‌హైమ్ విమానాలతో కలకత్తా దళం వెళ్ళింది. రంగూను రేవుకు చేరే ఓడలకు ఆ నెలరోజులూ ఆకాశంలో దిక్కు దాదాపు వారే.

ఇక ఆ ఏప్రిల్. 5న కొలంబో మీద దాడి. మరునాడు ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు మన తీరం మీదికి వచ్చాయి. ఆ కొద్దిరోజులలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి. ఆ దండును వాపిటిలు ఆపగలిగేవా? ఆపలేవు. దుప్పిని కాపలా పెట్టి పులిని ఆపమనడం న్యాయం కాదు. మా అమ్మ తల ఎత్తి చూసినప్పుడు రక్షణ కనబడలేదంటే ఆమె అబద్ధమాడలేదు. అయితే “ఆపలేకపోయారు” అన్నదానికీ, “లేనేలేరు” అన్నదానికీ నడుమ ఉన్న దూరాన్ని నేను తరగతి గదిలో చెరిపేశాను. ఆ దూరంలోనే కొందరు యువకులు ప్రాణాలొడ్డి ఎగిరారు.

1942 చివరకు తీరరక్షక దళాలను రద్దు చేసి, అందులోనివారిని కొత్తగా ఏర్పడిన ఏడు, ఎనిమిది నంబర్ల స్క్వాడ్రన్లకు పంచారు. ఆ ఏడవ స్క్వాడ్రన్ పుట్టింది ఎక్కడనుకున్నారు? మన విశాఖలోనే, 1942 డిసెంబరు 1న! బాంబులు పడిన ఎనిమిది నెలలకు. దానికిచ్చిన బాంబరు విమానం పేరు వెంజెన్స్, అంటే ప్రతీకారం. 1944లో ఆ స్క్వాడ్రన్ బర్మా రంగంలో పోరాడింది. వాలంటీర్ రిజర్వులో చేరిన పి.సి. లాల్‌గారు దానికి నాయకత్వం వహించారు. 1971 యుద్ధకాలంలో వైమానిక దళాధిపతి ఆయనే. మన దేశంలో జెట్ విమానాలను మొదట నడిపినదీ, 1985లో మిరాజ్‌లను మొదట అందుకున్నదీ, 1999లో కార్గిల్‌లో వాటితో పోరాడినదీ ఆ స్క్వాడ్రనే.

రిజర్వు దళాల తలరాత ఇంతే కాబోలు. ఏరు సముద్రంలో కలిశాక ఏరు పేరు ఎవరూ తలవరు. గెలిచినవారికి శాసనాలుంటాయి, ఓడినవారికి కథలుంటాయి, కాపలా కాసినవారికి ఏదీ ఉండదు. కాపలా చక్కగా సాగిన రోజున ఏమీ జరగదు కనుక రాసుకోవడానికీ ఏమీ మిగలదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు నడివయస్కుడై ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. ఇది అతని కంటపడితే, మాస్టారి దిద్దుబాటుగా స్వీకరించాలి:

ఉన్నాయి నాయనా. పాతవి, కొద్దివి. అయినా ఉన్నాయి.

స్వస్తి.