ఎన్ని రెట్లు? ఎంతమంది?

లండన్ ఆసుపత్రుల్లో సేకరించిన వివరాలను రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో ప్రచురించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 649 మంది మగవాళ్లలో పొగ తాగనివాళ్లు ఇద్దరంటే ఇద్దరే. వేరే జబ్బులతో చేరిన మరో 649 మందిలో 27 మంది. తేడా కళ్లకు కట్టింది. అయితే పొగ వల్ల ముప్పు ఎన్ని రెట్లు పెరుగుతుందో ఈ పట్టిక నేరుగా చెప్పదు. రోగులతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లిన లెక్క ఇది. పొగ తాగేవాళ్లలో ఎందరికి జబ్బు వచ్చిందన్నది అందులో దొరకదు.

ఆ ముడి విప్పింది అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే జెరోమ్ కార్న్‌ఫీల్డ్. కాలేజీలో ఆయన చదివింది చరిత్ర! జబ్బు అరుదైనదైతే ఆ నాలుగు అంకెలను అడ్డంగా గుణించి భాగిస్తే చాలని, వచ్చేది దాదాపు ముప్పుల నిష్పత్తేనని 1951లో నిరూపించాడు. క్యాన్సర్ రోగుల్లో పొగ తాగేవాళ్లు 647 మంది, రెండో గుంపులో 622 మంది. ఆ 647ను 27తో హెచ్చవేసి, 2ను 622తో హెచ్చవేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. సుమారు 14 వస్తుంది. ఇంత చిన్న లెక్క ఇంత పెద్ద తలుపు తెరవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

తర్వాత డాల్, హిల్ బ్రిటన్ డాక్టర్లనే ఏళ్ల తరబడి గమనించారు. 1956 నాటి అంకెల ప్రకారం ఏటా లక్షమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు పొగ తాగనివాళ్లలో 7, విపరీతంగా తాగేవాళ్లలో 166. అంటే దాదాపు 24 రెట్లు. గుండెజబ్బు మరణాలు 422 నుంచి 599కి పెరిగాయి. ఒకటిన్నర రెట్లు కూడా లేదు. కానీ తీసివేసి చూడండి: క్యాన్సర్ వల్ల అదనంగా 159 మంది, గుండెజబ్బు వల్ల 177 మంది. పేపర్లో ‘ముప్పు రెట్టింపు’ అని కనిపించినప్పుడల్లా నేను మొదట వెతికేది ఆ 7, ఆ 422 లాంటి అంకెల కోసమే.

మేయో క్లినిక్ గణాంకవేత్త జోసెఫ్ బెర్క్‌సన్ ఈ తీసివేత లెక్కనే పట్టుకున్నాడు. పొగ ఇన్ని రకాల జబ్బులతో ముడిపడుతోందంటే అధ్యయనాలనే శంకించాలన్నాడు. కార్న్‌ఫీల్డ్, మరో ఐదుగురు 1959లో ఒక వ్యాసంలో బదులిచ్చారు. కారణం అవునా కాదా అని తేల్చుకోవడానికి రెట్లు చూడాలి, ప్రజారోగ్యానికి ఎంత నష్టమో తెలియడానికి తేడా చూడాలి అన్నారు.

పొగ అలవాటునూ క్యాన్సర్‌నూ రెండింటినీ తెచ్చేది పుట్టుకతో వచ్చే గుణం కావచ్చని గణాంకవేత్త ఆర్. ఎ. ఫిషర్ వాదించాడు. దానికీ అదే వ్యాసంలో జవాబుంది. ఉదాహరణకు, ముప్పు 9 రెట్లు ఉండటానికి కారణం కేవలం ఆ దాగిన గుణమే అయితే, పొగ తాగేవాళ్లలో అది కనీసం 9 రెట్లు ఎక్కువగా ఉండాలి. అలాంటి గుణాన్ని ఎవరూ చూపలేకపోయారు.